జంటగొట్టం సొగసు

తణుకులో తుపాకీని దగ్గరగా చూడాలంటే రెండే చోట్లు. ఒకటి బ్యాంకు గుమ్మం. రెండోది పాత మండువా లోగిలిలో తాతగారి ఫోటోకీ దుప్పి కొమ్ములకీ నడిమి గోడ. రెండు చోట్లా కనిపించేది ఒకే జాతి. 12 బోరు, పక్కపక్కన రెండు గొట్టాలు, వెనకాల నూనె పట్టించిన కర్ర బట్. లైసెన్సు పుస్తకంలో డీబీబీఎల్ అని రాస్తారు, ఊళ్ళో జంటగొట్టం అంటారు. ఎన్నికలొస్తే పోలీసు స్టేషన్లో అప్పగించి రసీదు పుచ్చుకునే వస్తువుగా, తాతల నాటి దర్జాకు మిగిలిన గుర్తుగా అందరూ దాన్ని ఎరుగుదురు. ఒక పనితనంగా దాన్ని ఆగి చూసినవాళ్ళు తక్కువ. నరేంద్ర సెంటర్లో బస్సు కోసం నిలబడి, ఎదుటి బ్యాంకు గార్డు ఒళ్ళో తుపాకీని తదేకంగా చూస్తూ ఉండిపోతే మనల్నే అనుమానిస్తారు మరి.

తుపాకీ అనగానే మనసు చప్పుడు మీదికి పోతుంది. నన్నడిగితే చప్పుడు దాని అతి పేలవమైన గుణం. టపాకాయ కూడా పేలుతుంది. జంటగొట్టంలో రసమంతా అది తెరుచుకోవడంలో ఉంది. ఆ కదలికను మెల్లగా, ఒక్కొక్క అంగమూ విడదీసి చూడాలి.

కుడిచెయ్యి బట్ మెడను పట్టుకుని ఉంటుంది. దాని బొటనవేలి కిందికి సరిగ్గా అందేలా పైన ఒక మీట. వేలు దాన్ని కుడిపక్కకు నెడుతుంది. అంత చిన్న కదలిక లోపలికి దిగి ఎంత పని చేస్తుందో చూడండి. గొట్టాల అడుగున రెండు ఉక్కు దిమ్మలుంటాయి, వాటికి వెనకవైపు గాట్లు. తుపాకీ మూసి ఉన్నంతసేపూ ఒక బల్లపరుపు బోల్టు ఆ గాట్లలోకి దూరి గొట్టాలను కిందికి అదిమి పట్టి ఉంచుతుంది. మీట తిరిగితే బోల్టు వెనక్కి జారుతుంది. పట్టు తప్పిన గొట్టాలు ముందున్న ఇరుసు మీద వాలతాయి. లండన్ పనివాడు జేమ్స్ పర్డీ 1863లో పేటెంటు పొందిన ఈ బోల్టును ఇన్నేళ్ళలో ఎవరూ పెద్దగా మెరుగుపరచలేకపోయారు. తుపాకీని ఇలా నడుము దగ్గర మడిచే ఆలోచన అంతకు ముందే, 1830ల్లో పారిస్‌లో లెఫోషో చేశాడు. అంతవరకూ మందూ గుళ్ళూ గొట్టం మూతి నుంచి పోసి, కడ్డీతో కూరేవాళ్ళు. అంటే మనిషి తన మొహాన్ని, చేతుల్ని గొట్టం మూతి దగ్గరికే తీసుకెళ్ళాలి. మడిచే తుపాకీ మనిషిని మూతి దగ్గర్నుంచి తప్పించి వెనక్కి తెచ్చింది. సౌకర్యం కోసమే చేసినా, దాంతోపాటు ఒక మర్యాద కూడా పుట్టింది.

అసలు అద్భుతం 1875ది. బర్మింగ్‌హామ్‌లో వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీలో పనిచేసే ఆన్సన్, డీలీ అనే ఇద్దరు కలిసి చేసిన పెట్టెతాళం (బాక్స్‌లాక్) ఏర్పాటు. అంతకు ముందు తుపాకీలకు తూటాను కొట్టి పేల్చే రెండు గుర్రాలు బయటికి, చెవుల్లా నిక్కి ఉండేవి. ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో వెనక్కి లాగి నిలబెట్టాలి. వానకు తడిసిన వేలు జారితే సరి, గుర్రం వాలి తూటా పేలేది. ఆన్సన్, డీలీ ఆ గుర్రాలను లోపలికి పంపించేశారు. మరి వాటిని ఎక్కుపెట్టేదెవరు? గొట్టాలే. తెరిచినప్పుడు గొట్టాల మూతి కిందికి వాలుతుందా, ఆ వాలడంతోనే ఇరుసుకు వెనకనున్న చిన్న మీటల జత లేచి గుర్రాలను వెనక్కి నెట్టి, బలమైన స్ప్రింగులను అణిచి నిలబెడుతుంది. మన పాత తోటల్లో ఏతం ఒక కొస వాలితే రెండో కొసన నీళ్ళు లేచేవే, అదే సూత్రం. తెరవడానికి ఎలాగూ పెట్టే బలాన్నే ఎక్కుపెట్టడానికి కూడా వాడుకున్నారు. ఒక్క కదలికకు రెండు అర్థాలు. అలంకారశాస్త్రం చదివినవాళ్ళు దీన్ని శ్లేష అనొచ్చు. నేను ఔచిత్యమంటాను. తాళానికి కదిలే ముక్కలు కొన్నే, వాటిలో అనవసరమైనది ఒక్కటీ లేదు.

ఇక్కడ ఒక పేచీ ఉంది. గుర్రాలు బయట ఉన్నప్పుడు పది అడుగుల దూరం నుంచే తుపాకీ స్థితి తెలిసిపోయేది. చెవులు నిక్కితే సిద్ధం, వాలితే నిద్ర. గుర్రాలు లోపలికి పోయాక మూసిన తుపాకీ మొహం చూసి ఏమీ చెప్పలేం. పైగా ఒకసారి తెరిచి మూసినది లోపల ఎక్కుపెట్టే ఉంటుంది. ఆ మేరకు పాత గుర్రాల తుపాకీదే ఎక్కువ నిజాయితీ. దీనికి విరుగుడు వేటగాళ్ళ ఆచారంలో దొరికింది. మూసిన తుపాకీ ఏదైనా సరే నిండి ఉన్నట్టే లెక్క. నలుగురిలో ఉన్నప్పుడు మడిచి, మోచేతి మీద వేసుకుని తిరగాలి. మడిచిన తుపాకీ పేలదు. పేలదని చూసే ప్రతివాడికీ తెలుస్తుంది. మాట చెప్పి ఒప్పించనక్కర్లేదు. సైన్యంలో పని చేసి వచ్చిన ఒక బ్యాంకు గార్డు నాకు తుపాకీ చూపించినప్పుడు ముందు పక్కకు తిరిగి, మూతి నేల వైపు ఉంచి, మడిచి, రెండు తూటాలూ తీసి జేబులో వేసుకుని, తూటాలు కూర్చునే గదులు ఖాళీ అని నా వైపు తిప్పి చూపాకే నోరు విప్పాడు. "ముందు కళ్ళకు చూపించాలండి, కబుర్లు తర్వాత" అన్నాడు. నాకు ఆ క్రమం నచ్చింది.

మడిచిన జంటగొట్టాన్ని వెనక నుంచి చూడటం ఒక దర్శనం. రెండు గుండ్రని గదులు, ఒకదాని పక్కన ఒకటి. వెలుతురు వైపు ఎత్తి ఒక గొట్టంలోంచి చూస్తే లోపలి గోడ పొడుగునా వలయాలు వలయాలుగా కాంతి. గొట్టం ఎక్కడైనా సొట్టపడితే ఆ వలయం అక్కడ వంకర తిరుగుతుంది. గొట్టం తిన్నగా ఉందో లేదో పాత పనివాళ్ళు ఈ కాంతి గీతలు చూసే చెప్పేవాళ్ళు. అందం చూడటం, భద్రత చూడటం ఒకే చూపుతో జరిగే చోటు ఇది. తూటా పెట్టే ముందు గొట్టంలోంచి చూడమనేది మొదటి నియమం. బురదో, తుడిచిన గుడ్డ పీలికో, ముందరి తూటాలోని అట్టబిళ్ళో లోపల చిక్కుకుని ఉంటే, వెనక నుంచి తోసుకొచ్చే వాయువుకు దారి లేక ఉక్కు ఉబ్బి పగులుతుంది. మన డెల్టాలో ఇంకో చిక్కు. గోడకు వేలాడే తుపాకీ గొట్టం కంటే మంచి ఇల్లు కుమ్మరి పురుగుకు ఎక్కడ దొరుకుతుంది? కాలవ మట్టి ముద్దలు తెచ్చి చక్కగా గది కట్టేసుకుంటుంది. వెలుగు వలయం పూర్తిగా కనిపిస్తేనే తూటా సంగతి.

తూటా గురించి నాలుగు ముక్కలు చాలు. బోరు లెక్క వింతగా ఉంటుంది. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు వెడల్పు ఎంతో 12 బోరు గొట్టం లోపలి వెడల్పు అంత, అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. 20 గుండ్లు పోస్తే గుండు చిన్నదవుతుంది కాబట్టి 20 బోరు సన్నది, 15.6. అంకె పెరిగితే గొట్టం తగ్గుతుంది. మన దగ్గర లైసెన్సుదారులకు దొరికే తూటాల్లో ఎక్కువ పేరున్నది పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్. అడుగున ఇత్తడి టోపీ, దాని నడుమ నిప్పు పుట్టించే చిన్న మూకుడు, పైన మందు, దాని మీద అట్టబిళ్ళ, ఆపైన సీసపు గుళ్ళు, చివర మడిచి మూసిన మూతి.

ఈ బోరు అంకెల్లోనే ఒక ఘోరం దాగి ఉంది. 20 బోరు తూటాను పొరపాటున 12 బోరు గదిలో వేస్తే బయటికి జారిపోదు, పేలదు. గది దాటి ముందుకు జారి, గొట్టం సన్నబడే చోట అంచు తట్టుకుని ఆగిపోతుంది. వెనక నుంచి చూస్తే గది ఖాళీగా కనిపిస్తుంది. తూటా వెయ్యలేదేమో అనుకుని 12 బోరుది వెనక పెట్టి మూసి నొక్కితే, రెండూ కలిసి పేలేది సరిగ్గా ఎడమ అరచెయ్యి పట్టుకున్న చోట. అందుకే 20 బోరు తూటాలకు పసుపు రంగు ఒళ్ళు ఇవ్వడం తయారీదార్ల ఆనవాయితీ అయింది. రెండు బోర్ల తూటాలూ ఒకే జేబులోకి రాకూడదు, అంతే. పొడుగులోనూ మోసముంది. తూటా మీద రాసే 70 మిల్లీమీటర్లనేది పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడుగు. మూతి మడిచి ఉన్నంతసేపు అది పొట్టిదే, కాబట్టి 65 మిల్లీమీటర్ల గది ఉన్న పాత ఇంగ్లీషు తుపాకీలోనూ హాయిగా కూర్చుంటుంది. పేలినప్పుడు మాత్రం విచ్చుకోవడానికి చోటు చాలదు, ఒత్తిడి పెరిగిపోతుంది. తాతగారి తుపాకీని దించి సరదాగా కొత్త తూటా వేసి చూద్దామనే మనవలకు ఇది తెలియాలి. గొట్టాలు విడదీసి అడుగుభాగం చూస్తే పరీక్షశాల ముద్రలు కొట్టి ఉంటాయి. బర్మింగ్‌హామ్ పరీక్షశాల 1813లో పార్లమెంటు చట్టంతోనే పెట్టినది. గది పొడుగు, పరీక్షించిన మందు రకం ఆ ముద్రల వల్ల తెలుస్తాయి. గొట్టం ఒంటి మీద సన్నని నీటి అలల్లాంటి డమాస్కస్ నగిషీ కనిపిస్తే మాత్రం కళ్ళతో ఆనందించి గోడకు తగిలించేయడమే. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి చుట్టి అతికిన ఆ గొట్టాలు నల్లమందు కాలానివి. వాటి అందానికి నేటి మందు కుదరదు.

ఇక మూయడం. సినిమాల్లో మణికట్టు విదిలించి ఠపీమని గొట్టాలను పైకి ఎగరేసి మూస్తారు. పనివాడు చూస్తే ప్రాణం విలవిల్లాడుతుంది. అలా మూస్తే ఇరుసూ దిమ్మలూ అరుగుతాయి. అంతకంటే పెద్ద తప్పు, గొట్టాల మూతి లేచి ఎదుటివాళ్ళ మీదుగా ఊగుతుంది. సంప్రదాయం తెలిసినవాళ్ళు గొట్టాలను కదపరు. మూతి నేల వైపే నిలిపి, కుడిచేత్తో బట్‌ను పైకి తెచ్చి గొట్టాలకు కలుపుతారు. వేలు ట్రిగ్గరు కాపు లోపలికి పోదు, కాపు బయట తిన్నగా చాపి ఉంటుంది. బోల్టు తన గాట్లలోకి తనే వెళ్ళి కూర్చుంటుంది. మంచి తుపాకీ మూసినప్పుడు వచ్చే చప్పుడు గట్టిగా ఉండదు, ముద్దగా, మందంగా ఉంటుంది. ఆ ముద్దదనం వెనక పనివాడి రోజులు రోజులున్నాయి. దీపపు మసి గొట్టం వెనక మొహానికి పూసి మూసి తెరుస్తాడు. మసి ఎదుటి ఉక్కుకు ఎక్కడ అంటితే అక్కడ మిట్ట. ఆకురాయితో ఒక్క రాపిడి. మళ్ళీ మసి, మళ్ళీ మూత. మొహమంతా ఒకే మోస్తరుగా మసి అంటేదాకా ఇదే పని. కాగితం దూరని ఆ కలయిక, యంత్రం కోసిన చౌక తుపాకీల్లో నాకు కనిపించలేదు.

రెండు గొట్టాలకు రెండు ట్రిగ్గర్లు. ముందుది కుడి గొట్టానికి, వెనకది ఎడమదానికి. కుడి గొట్టం మూతి విశాలంగా ఉంటుంది, ఎడమదాన్ని మూతి దగ్గర కాస్త నొక్కుతారు, మహా అయితే ఒక మిల్లీమీటరు. ఆ ఒక్క మిల్లీమీటరు ఎంత పని చేస్తుందంటే, పూర్తిగా నొక్కిన గొట్టం 40 గజాల దూరాన 30 అంగుళాల వలయంలో నూటికి 70 గుళ్ళదాకా వేస్తుంది. దగ్గరిదానికి ముందు ట్రిగ్గరు, దూరపుదానికి వెనకది. నిర్ణయం తీసుకోవడానికి మనిషికి ఇంతకంటే సులువైన ఏర్పాటు ఇవ్వలేం. పేలాక మడిస్తే ఇంకో ముచ్చట. మంచి తుపాకీల్లో పేలిన తూటా ఒళ్ళు మాత్రమే ఎగిరి బయటపడుతుంది. పేలనిది కొన్ని మిల్లీమీటర్లు లేచి, తీసుకోవడానికి వేళ్ళకు అందేంత ఎత్తులో ఆగి ఉంటుంది. లోపలి చిన్న తట్టు మీట ఏ గుర్రం వాలిందో ఏది వాలలేదో గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి ఈ తేడా. ఇనుముకు ఇంత వివేకం నేర్పినవాళ్ళను తలుచుకుని నేను చాలాసార్లు నవ్వుకున్నాను.

సేఫ్టీ బొత్తాము దగ్గర మాత్రం నా మెచ్చుకోలు ఆగిపోతుంది. చాలా పెట్టెతాళపు తుపాకీల్లో అది ట్రిగ్గరునే ఆపుతుంది, లోపల ఎక్కుపెట్టి ఉన్న గుర్రాన్ని ఆపదు. చేతిలోంచి జారి గట్టున పడితే ఆ అదురుకు గుర్రం జారే అవకాశం ఉండనే ఉంది. ఖరీదైన పక్కతాళపు (సైడ్‌లాక్) తుపాకీల్లో గుర్రానికి అడ్డం పడే రెండో కొక్కెం పెట్టారు, అదీ ఆ లోటు తెలిసే. కాబట్టి కాలవ వంతెన దాటాలన్నా, కంచె ఎక్కాలన్నా బొత్తామును నమ్మరు, మడిచి తూటాలు తీసేస్తారు. నొక్కితే పేలకపోయినా తొందరపడరు. మూతి ప్రమాదం లేని వైపే పెట్టి అర నిమిషమైనా ఆగుతారు, నిప్పు ఆలస్యంగా అందుకోవచ్చు. తుస్సుమని నీరసంగా పేలిందా, రెండో తూటాకు ముందు మళ్ళీ ఆ వెలుగు వలయాలు చూడాల్సిందే.

వేరే ఏర్పాట్లకూ వాటి వాటి సొగసులున్నాయి. పంప్ తుపాకీలో ముందు చెక్కను వెనక్కి లాగితే తాళం ఊడి పాత ఒళ్ళు బయటపడుతుంది, ముందుకు తోస్తే గొట్టం కింది నాళం నుంచి కొత్త తూటా లేచి గదిలో కూర్చుంటుంది. తుపాకీల రూపకర్త బ్రౌనింగ్ చేతిలో వించెస్టర్ 1897 మోడలుగా వచ్చిన ఈ లయ, 1950లో రెమింగ్టన్ 870తో లోకమంతా పాకింది. రెండు మాత్రల తాళం అది. మన సినిమా విలన్లు ప్రతి డైలాగుకూ ముందు దాన్ని చకచక లాగుతారు. నిజానికి ఎక్కుపెట్టి మూసిన పంప్, విడుపు బొత్తాము నొక్కితే తప్ప కదలదు. నొక్కి లాగితే నిండు తూటా నేలపాలవుతుంది. నాలుగు డైలాగులయ్యేసరికి విలన్ తుపాకీ ఖాళీ అవ్వాలి. బ్రౌనింగే చేసిన ఆటో-5 ఇంకో మెట్టు పైది, 1902 నుంచి బెల్జియంలో ఎఫ్ఎన్ కంపెనీ చేసింది. పేలగానే గొట్టమూ బోల్టూ జతగా వెనక్కి వస్తాయి, గొట్టం ముందు వెళ్ళిపోతుంది, బోల్టు పాత ఒళ్ళు విసిరేసి కొత్తది తీసుకుని వెనకాలే వెళుతుంది. కాగితం మీద బొమ్మ చూస్తే మతి పోతుంది.

అయినా మనసు అటు పోదు. ఆ రెంటిలోనూ తూటాలు గొట్టం కింది చీకటి నాళంలో వరసగా దాక్కుంటాయి. నాళం ఖాళీ చేశాక కూడా గదిలో ఒకటి మిగిలి ఉండొచ్చు. ప్రమాదం తెచ్చేది ఆ మిగిలిన ఒక్కటే. కాబట్టి వాటిని పట్టుకున్నవాడు తెరిచి, కంటితో చూసి, చాలక వేలు గదిలోకీ నాళం నోట్లోకీ పెట్టి తడిమి చూడాలి. నింపేటప్పుడూ అంతే, మూతి దిశ చూసుకుని, సేఫ్టీ వేసి, నాళం నింపుకుని, గదిలోకి ఒకటి పంపడం గురి పెట్టే చోటికి చేరాకే. జాగ్రత్త అంతా మనిషి క్రమశిక్షణ నుంచి రావాలి. జంటగొట్టంలో సగం జాగ్రత్తను వస్తువు ఆకారమే చేసిపెడుతుంది. పక్కవాడు కూడా చూసి సాక్ష్యం చెప్పగలడు. నా ఓటు అందుకే దానికి.

మన లోగిళ్ళలోని తుపాకీలు చాలావరకు పరజల కోసం, సిలువ బాతుల కోసం కొన్నవి. చలికాలం కొల్లేటికి బండ్లు కట్టుకుని వెళ్ళిన కథలు పెద్దవాళ్ళు ఇప్పటికీ నోరూరించుకుంటూ చెబుతారు. 1972 వన్యప్రాణి చట్టం, దాని 1991 సవరణ కలిసి ఆ వేటకు తలుపు మూసేశాయి, 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. మంచి పనే. ఆటపాక దగ్గర గూడబాతులు గుంపులుగా వాలడం చూసినవాడెవడూ ఆ తూటాల కాలాన్ని మళ్ళీ కోరుకోడు. పిట్ట పోయి మట్టిపళ్ళెం వచ్చింది. ట్రాప్ ఆటలో 11 సెంటీమీటర్ల పళ్ళెం గంటకు వంద కిలోమీటర్ల వేగంతో కందకంలోంచి ఎగురుతుంది. 24 గ్రాముల గుళ్ళతో దాన్ని పొడి చెయ్యాలి. హైదరాబాదు కుర్రాడు కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఈ ఆట ఆడాడు, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణంతో పాటు సొంతంగా కాంస్యం తెచ్చాడు. ఆ పోటీల వీడియోలు దొరికితే పళ్ళెం కంటే, షాట్లకు మధ్య ఆటగాళ్ళ చేతులను చూడండి. ఒక స్థానం నుంచి ఇంకో స్థానానికి నడిచేటప్పుడు ప్రతి తుపాకీ మడిచే ఉంటుంది. తూటాలు వేసేది తన స్థానంలో నిలబడ్డాకే. అది నిబంధన, తప్పితే శిక్ష. చూడటానికి మాత్రం ఒక నాట్యంలోని విరామంలా ఉంటుంది.

వాళ్ళ తుపాకీల గొట్టాలు పక్కపక్కన ఉండవు, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. 1931లో వచ్చిన బ్రౌనింగ్ సూపర్‌పోజ్డ్ ఈ పద్ధతికి లోకంలో గిరాకీ తెచ్చింది. గురికి ఒకే సన్నని గీత దొరుకుతుంది, వెనక్కి తన్నే తోపు భుజానికి సూటిగా వస్తుంది, పోటీకి అదే సరైనదని ఒప్పుకుంటాను. కానీ కింది గొట్టం లోతుగా ఉండబట్టి, తూటా వెయ్యాలంటే అది చాలా దూరం వాలాలి, నడుము దగ్గర నోరు మరీ పెద్దగా తెరవాలి. పక్కపక్కనుండే జంట కొద్దిగా వాలగానే రెండు గదులూ ఒక్కసారి కనిపిస్తాయి. ట్రాప్ ఆటగాళ్ళు నాతో ఏకీభవించరు.